మిగిలిన బస్సు ఛార్జీని మన ప్రయాణాలకు దాచుకుందాం

ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం కల్పించే స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైన నాటి నుంచి మన విశాఖలో ఉద్యోగాలకు వెళ్లే ఆడవాళ్లలో చాలామందికి బస్సు ఖర్చు తప్పింది. గాజువాక నుంచి ద్వారకానగర్‌కో, పెందుర్తి నుంచి మద్దిలపాలేనికో రోజూ తిరిగే మనిషికి రానూపోనూ యాభై రూపాయలు అయ్యేదనుకుంటే, నెలకు పాతిక పనిదినాల లెక్కన 1,250 రూపాయలు, ఏడాదికి 15,000 రూపాయలు చేతిలో మిగలాలి. ఆఫీసులో భోజనాల దగ్గర ఈ మాట ఎత్తినప్పుడు, ఆ మిగులు ఫలానా చోట ఉందని చెప్పగలిగినవారు మాలో ఒక్కరూ లేరు. ఎవరూ దుబారా చేయలేదు. గ్యాసు బండకు కొంత, పిల్లల ట్యూషనుకు కొంత, ఊళ్లో పెళ్లి చదివింపులకు కొంత, అలా తెలియకుండానే కరిగిపోయింది. ఆడవాళ్ల చేతిలో ఫలానా పనికని పేరు పెట్టని డబ్బు ఇంటి ఖర్చులోనే కలిసిపోతుందని, కాబట్టి ఊళ్లు చూడాలన్న కోరిక ఉన్న ప్రతి స్త్రీకీ ప్రయాణాల కోసం తన పేరు మీద విడిగా ఒక ఖాతా ఉండి తీరాలని నేను గట్టిగా నమ్ముతాను.

మా అమ్మ తరం వాళ్లు పోపుల డబ్బాలో, బియ్యం డ్రమ్ములో దాచేవారు. ఆ డబ్బు ఎన్ని కుటుంబాలను గట్టెక్కించిందో నాకు తెలుసు కాబట్టి దాన్ని నేను తక్కువ చేయను. కానీ అందుబాటులో ఉన్న డబ్బుకు అవసరాలు వెతుక్కుంటూ వస్తాయి. జీతం పడిన మర్నాడే ఖాతాలోంచి దానంతట అదే మళ్లిపోయే బ్యాంకు రికరింగ్ డిపాజిట్ (ఆర్‌.డి., అంటే నెలనెలా ఇంత అని కట్టే పొదుపు) ఇందుకు చక్కగా పనికివస్తుంది, ఎందుకంటే దాన్ని పన్నెండు నెలలకు పెట్టుకుంటే సరిగ్గా సెలవులనాటికి చేతికందుతుంది. పోస్టాఫీసు ఆర్‌.డి. నెలకు వంద రూపాయలతోనే మొదలుపెట్టవచ్చు గానీ, దాని గడువు ఐదేళ్లు, మూడేళ్లు నిండకుండా మూసివేయడానికి వీలులేదు. అందువల్ల అది కాశీ వంటి పెద్ద యాత్రకు సరిపోతుందే తప్ప వచ్చే వేసవి ప్రయాణానికి కాదు. మహిళల కోసమని 2023లో వచ్చిన మహిళా సమ్మాన్ పొదుపు పత్రం గురించి ఇప్పటికీ అడిగేవారున్నారు. అందులో కొత్తగా చేరే అవకాశం 2025 మార్చి 31తో ముగిసింది.

చీటీల విషయంలో నా మాట కాస్త కటువుగానే ఉంటుంది. కాలనీలో తెలిసినావిడ నడిపే చీటీ ఎంత నమ్మకమైనదైనా, 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరు కానిదైతే, ఆవిడ చేతులెత్తేసిన రోజున మన చేతిలో పట్టుకోవడానికి కాగితమంటూ ఉండదు. క్రెడిట్ కార్డు మీద తిరిగి వచ్చి, ఆ బాకీని నెలనెలా కొంచెం కొంచెంగా కడదామనుకోవడం అంతకంటే ప్రమాదం. చాలా కార్డులు కట్టని బాకీ మీద నెలకు మూడు శాతానికి పైగా వడ్డీ వేస్తాయి.

ఇక ప్రయాణాల సంగతి. ఉచిత టికెట్టు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులకే వర్తిస్తుంది. నాన్‌స్టాప్ బస్సులకు, రాష్ట్రం దాటే బస్సులకు వర్తించదు. ఆర్టీసీ కాంప్లెక్సులో శ్రీకాకుళం వైపు వెళ్లే నాన్‌స్టాప్ బస్సు ముందు కనబడిందని హడావిడిగా ఎక్కేసి, కండక్టరు ఛార్జీ అడిగితే వాదనకు దిగేవారిని చూస్తుంటాను. బోర్డు చూసి, ఎక్స్‌ప్రెస్ కోసం మరికాసేపు ఆగితే సరిపోతుంది. ఆధార్ వంటి గుర్తింపు కార్డు పర్సులో ఉంటే అరసవల్లి, శ్రీకూర్మం, రామతీర్థం, అన్నవరం, అనకాపల్లి దగ్గర శంకరంలోని బొజ్జన్నకొండ బౌద్ధారామం, ఇటు బీచ్ రోడ్డు మీద తొట్లకొండ, భీమిలి, ఇవన్నీ ఆటోకూ భోజనానికీ తప్ప పెద్దగా ఖర్చు లేకుండా ఒక్క రోజులో చూసి రాదగినవే. ఒంటరిగా బయలుదేరడం అలవాటు లేనివారు మొదట వీటిలో ఏదో ఒకదానికి వెళ్లి రావడం మంచిది. అన్నవరంలో ప్రసాదం పొట్లం చేత పట్టుకుని, ఎవరినీ తోడు పిలవకుండా తిరుగు బస్సెక్కిన మా పిన్నికి ఆ తర్వాత ఏ ఊరు వెళ్లడానికీ జంకు లేకపోయింది.

అరకు లెక్క వేరు. పొద్దున్నే విశాఖలో బయలుదేరే కిరండూల్ పాసింజరులో జనరల్ టికెట్టు చాలా చౌక. శృంగవరపుకోట (ఎస్‌.కోట) దాటాక బండి కొండెక్కడం, ఒకదాని వెంట ఒకటిగా వచ్చే సొరంగాలు, పక్కన లోయలు, ఆ దారి చూడడానికే చాలామంది ఎక్కుతారు. అసలు ఖర్చు అరకు స్టేషను బయట మొదలవుతుంది. బయటికి రాగానే జీపులవాళ్లు, ఆటోవాళ్లు చుట్టూ మూగి, మనిషికి ఇంత అని కాకుండా బండి మొత్తానికి కలిపి ధర చెబుతారు. అది ఇద్దరికైనా ఎనిమిది మందికైనా ఒకటే. క్రితంసారి మేము ముగ్గురం, ఎదుటి సీట్లలో పులిహోర డబ్బా విప్పుకుని కూర్చున్న ఎస్‌.కోట టీచరమ్మలు నలుగురితో రైల్లోనే మాట్లాడుకుని, ఏమేం చూడాలో ముందే తేల్చుకుని, దిగాక ఏడుగురం కలిసి ఒక్క జీపు బేరమాడాము. పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం చూసినా తలకు అయిన ఖర్చు మాకే ఆశ్చర్యం కలిగించింది. బొర్రా గుహలు అరకు కంటే ముందే వేరే స్టేషను కాబట్టి, రైలును నమ్ముకుని వెళ్లేవారు ఒక్క రోజులో రెండూ చూడాలని ఆరాటపడకుండా ఏదో ఒకటి ఎంచుకుంటే అద్దె బండి భారం తగ్గుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో శని, ఆదివారాలు తప్పించి మామూలు రోజున సెలవు పెట్టుకోగలిగితే గది అద్దెలోనూ తేడా కనబడుతుంది.

దూర ప్రయాణాలకు రాత్రి బండి ఎంచుకుంటే ఒక రాత్రి లాడ్జి ఖర్చు మిగులుతుంది. 2024 నవంబరు నుంచి రిజర్వేషను అరవై రోజుల ముందే తెరుచుకుంటోంది కాబట్టి, ఆర్‌.డి. గడువు తీరే తేదీని దానికి తగ్గట్టు పెట్టుకుంటే టికెట్టు కొనే రోజుకు డబ్బు చేతిలో ఉంటుంది. దూరప్రాంత మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్ల స్లీపరు తరగతిలో ఒంటరిగా గానీ, ఆడవాళ్లే కలిసి గానీ వెళ్లేవారికి ఆరు బెర్తుల లేడీస్ కోటా ఉంటుంది. టికెట్టు తీసేటప్పుడు జనరల్‌కు బదులు ఆ కోటా ఎంచుకోవాలని తెలియక, బెర్తులు ఉండగానే వెయిటింగ్ లిస్టు తీసుకునేవారు ఎందరో. దిగిన ఊళ్లో కొద్ది గంటల విశ్రాంతికి, ఖరారైన టికెట్టు ఉన్నవారు పెద్ద స్టేషన్లలోని రిటైరింగ్ గదులను, డార్మిటరీలను ముందే బుక్ చేసుకోవచ్చు. స్నానం చేసి దర్శనానికి వెళ్లి వచ్చే ప్రయాణానికి హోటలు గది అవసరమే ఉండదు.

అయితే ఒక్క చోట మాత్రం పొదుపు కూడదు. తెల్లవారుజామున మూడింటికి కొత్త ఊళ్లో దింపే బండి టికెట్టు చౌకగా ఉన్నా నేను తీసుకోను. వెలుగు వచ్చాక చేరే బండికి రెండు వందలు ఎక్కువైనా అది దండగ కాదు. రైల్లో ఇబ్బంది ఎదురైతే 139కి, ఎక్కడైనా అత్యవసరమైతే 112కి ఫోను చేయవచ్చు. టికెట్టు లేకుండా ఒంటరిగా ప్రయాణిస్తున్న స్త్రీని రాత్రివేళ బండి నుంచి దింపివేయకూడదని 1989 నాటి రైల్వే చట్టం 139వ సెక్షన్ చెబుతోంది. హడావిడిలో టికెట్టు పోగొట్టుకున్న రాత్రి ఆ సెక్షన్ పేరెత్తడానికి మొహమాటపడవద్దు.