గాలి కోసం రాష్ట్రం మారాక

నవంబరు, మంగళవారం

బాబు ఇవాళ స్కూలు నుంచి మోకాలు గీరుకుపోయి వచ్చాడు. గ్రౌండులో పరుగెత్తుతూ పడ్డాడట. దూదితో తుడుస్తుంటే "మంట, మంట" అని ఎగురుతున్నాడు. నాకు మాత్రం మనసులో ఒకటే మాట తిరుగుతోంది: నవంబరు నెలలో వీడు బయట పరుగెత్తి పడ్డాడు.

మైసూరు రాకముందు, ఢిల్లీ పక్కన నోయిడాలో ఉన్నన్నాళ్ళూ నవంబరంటే వాడు ఇల్లు కదలని నెల. దీపావళి దగ్గర పడుతోందంటే నాకు టెన్షన్ మొదలయ్యేది. పొద్దున లేచి పాలు పొయ్యి మీద పెట్టకముందే ఫోనులో ఏక్యూఐ, అంటే గాలి ఎంత చెడిందో చెప్పే అంకె, చూసేదాన్ని. 300 దాటితే పార్కు లేదు. 400 దాటితే కిటికీ సందుల్లో తడిగుడ్డలు. కాలుష్యం ముదిరినప్పుడు పెట్టే మూడో దశ ఆంక్షలు వచ్చాయంటే చిన్న తరగతులు ఆన్‌లైన్‌కి మారేవి. వాడు కంప్యూటర్ ముందు కూచుని దగ్గుతూ ఎక్కాలు చెప్పేవాడు. రాత్రి ఏ ఒంటిగంటకో పిల్లికూతలు మొదలయ్యేవి. నెబ్యులైజర్ మాస్కు వాడి ముక్కుకి పెట్టి, ఎగిరిపడే ఆ చిన్న ఛాతీని చూస్తూ ఇద్దరం కూచునేవాళ్ళం. ఎవరమూ మాట్లాడేవాళ్ళం కాదు.

ఢిల్లీ చుట్టుపక్కల చలికాలంలో గాలి ఎందుకలా అవుతుందో ఇప్పుడు నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. బళ్ళ పొగ, కట్టడాల దుమ్ము, ఫ్యాక్టరీలు, చెత్త తగలబెట్టడం ఏడాది పొడుగునా ఉన్నవే. అక్టోబరు, నవంబరుల్లో పంజాబ్, హర్యానా పొలాల్లో వరికొయ్యలు కాలుస్తారు. సరిగ్గా అప్పుడే గాలి వీచడం తగ్గిపోతుంది. నేల దగ్గర చల్లటి గాలి ఆగిపోయి, దానిమీద వెచ్చటి గాలి మూతలా పరుచుకుంటుంది. కింది పొగ పైకి పోవడానికి దారుండదు. అందులో 2.5 మైక్రాన్ల కంటే చిన్న రేణువులు ఊపిరితిత్తుల లోతుకంటా పోతాయి. అవి ఒక రోజు సగటున ఘనపు మీటరు గాలిలో 15 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశం పెట్టుకున్న హద్దు 60. అక్కడ 250 దాటిన రోజులు చూశాం. పెద్దవాళ్ళమే గొంతుమంటతో తిరిగేవాళ్ళం, ఏడేళ్ళ పిల్లాడి సంగతి వేరే చెప్పాలా.

చివరికి డాక్టరుగారే అన్నారు, "వీలైతే ఈ ఊరు వదిలి వెళ్ళండమ్మా" అని. మందుల చీటీ మీద రాయలేని మందు అది. మా ఆయన ఆఫీసువాళ్ళు బెంగళూరుకి బదిలీ ఇచ్చారు, అదీ నెలలో కొన్ని రోజులు వెళ్తే చాలన్నారు. బెంగళూరులోనే ఉంటే రోజులో సగం మళ్ళీ రోడ్ల మీదే పోతుందనిపించి మైసూరు అనుకున్నాం. అమ్మ ఫోనులో, "అంత పైనుంచి దిగి వచ్చినవాళ్ళు ఇంకాస్త ఇటు తిరిగి తెనాలే రావచ్చుగా" అంది. రావాలని నాకూ ఉంది. కానీ అక్కడి నుంచి ఆయన బెంగళూరుకి అన్నిసార్లు తిరగడం అయ్యే పని కాదు. ఒకటి మాత్రం నిజం. ఇదివరకు అమ్మని చూడాలంటే ఢిల్లీలో రైలెక్కి ఒక పగలూ ఒక రాత్రీ కూచోవాలి. ఇప్పుడు బెంగళూరులో రాత్రి రైలెక్కితే పొద్దున అమ్మ చేతి కాఫీ.

సామాన్లు తొందరగానే సర్దుకున్నాం. కాగితాలు మాత్రం ఇప్పటికీ పూర్తిగా తెమల్లేదు. గ్యాసు, ఆధార్‌లో అడ్రసు, ఓటు ఇక్కడికి మార్చుకునే ఫారం 8, ఇవి ఇంట్లో కూచుని ఆన్‌లైన్‌లో చేసుకునేవే. అసలు పని కారుది. వేరే రాష్ట్రపు బండిని 12 నెలలకు మించి ఇక్కడే ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతుంది. ముందు పాత ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, తెచ్చుకోవాలి. ఇక్కడ టాక్సు కట్టాలి, అక్కడ కట్టిన దాంట్లో మిగిలిన ఏళ్ళ వాటా వెనక్కి ఇమ్మని అర్జీ పెట్టుకోవాలి. 2021లో వచ్చిన, ఏ రాష్ట్రంలోనైనా చెల్లే బీహెచ్ సిరీస్ నంబరుంటే ఈ తిప్పలుండవు, కానీ మా బండి అంతకు ముందు కొన్నది. ఇవాళ మధ్యాహ్నం ఆయన ఆ ఫైలే ముందేసుకుని కూచున్నారు. నేను వెళ్ళి ఒక కాఫీ ఇచ్చి వచ్చేశాను.

చిన్న పిల్లలున్నవాళ్ళు ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది కారు గురించి కాదు, పిల్లల "లోకల్" గురించి. మన తెలుగు రాష్ట్రాల్లో కాలేజీ సీట్లకి లోకల్ అనిపించుకోవాలంటే, స్థూలంగా, ఇంటరుతో ముగిసే నాలుగేళ్ళు వరసగా అక్కడే చదవాలి. రాజ్యాంగంలోని 371డీ అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు నుంచీ ఉన్న పద్ధతి ఇది. కర్ణాటకలో ప్రభుత్వ కోటా ఇంజనీరింగు సీటుకి సాధారణంగా ఏడేళ్ళ చదువు ఇక్కడిదై ఉండాలి. మావాడు రెండో తరగతి కాబట్టి బెంగ లేదు. అదే తొమ్మిదో తరగతి పిల్లనో, పదో తరగతి పిల్లాడినో పట్టుకుని రాష్ట్రం దాటేవాళ్ళు ముందు ఈ లెక్క చూసుకోవాలి. ఒకే దేశంలో అటూ ఇటూ మారినందుకు పిల్లలు ఎక్కడా లోకల్ కాకుండా మిగిలిపోతే ఆ బాధ చిన్నది కాదు.

స్కూల్లో కన్నడం ఉంది. సాయంత్రం మోకాలికి కట్టు కట్టించుకుని, ఆ కట్టుతోనే పక్కింటి ఆంటీ దగ్గరికి వెళ్ళి అక్షరాలు దిద్దుకొచ్చాడు. రిటైరైన టీచరావిడ. డబ్బు తీసుకోనన్నారు. పొద్దున నేను ముగ్గు వేస్తుంటే "తిండి ఆయ్తా?" అని పలకరిస్తారు. టిఫిన్ అయిందా అని. అపార్టుమెంటులో అన్నేళ్ళున్నా నోయిడాలో ఎదురింటివాళ్ళ పేర్లు నాకు తెలియవు. చలికాలమంతా తలుపులు, కిటికీలు బిగించుకుని బతికితే ఎవరు మాత్రం ఎవరిని పలకరిస్తారు? గాలి బాగుంటే మనుషులు బయటికి వస్తారు. బయటికి వస్తే మాటలు కలుస్తాయి. నేను గాలి కోసమే వచ్చాను గానీ, దాని వెనకాల ఇదంతా వచ్చింది.

పొద్దున నడకకి కుక్కరహళ్ళి చెరువుకి వెళ్తున్నాను. గూడబాతులు చెట్ల మీద బరువుగా వాలుతుంటాయి. మొదట్లో అక్కడ కూడా అలవాటుగా ఫోను తీసి ఏక్యూఐ చూసేదాన్ని. ఇక్కడ చాలా రోజులు 100 లోపే. ఈమధ్య చూడటం మానేశాను. రోజు మొదలవుతూనే పిల్లాణ్ణి బయటికి పంపాలా వద్దా అని నిర్ణయించాల్సిన పని లేకపోవడం ఎంత పెద్ద సుఖమో, ఆ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. జీతం పెరగలేదు, ఇల్లు పెద్దది కాలేదు. మంచి బతుకంటే ఏమిటని నన్ను అడిగితే ఇప్పుడు ఈ ఒక్కటే చెప్తాను.

ఇంత మంచిరోజున కూడా రాత్రి మనసు బరువెక్కింది. నోయిడాలో మా ఇంట్లో పనిచేసిన దీదీ ఫోన్ చేసింది. బీహారు నుంచి వచ్చిన మనిషి. నలుగురూ ఒకే గదిలో ఉంటారు, పైన రేకులు. "భాభీ, బాబు దగ్గు ఎలా ఉంది?" అని ముందు వాణ్ణే అడిగింది. తగ్గిందని చెప్పాను. ఎంత సంతోషపడిందో. తర్వాత నేను అడిగితే చెప్పింది, తన కూతురికి వారం నుంచి దగ్గు ఆగడం లేదని, రాత్రుళ్ళు కూచునే నిద్రపోతోందని. ఆ పిల్ల మావాడి కంటే ఏడాది చిన్నది. సెలవుల్లో మా ఇంటికొస్తే ఇద్దరూ కలిసి బొమ్మలు గీసుకునేవాళ్ళు.

మా ఎయిర్ ప్యూరిఫయర్ ఇక్కడికొచ్చాక డబ్బాలోంచి తీయనే లేదు, పంపిద్దామా అంటే మా ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "రేకుల గదిలో అదేం పనిచేస్తుంది, తలుపులు బిగిసే గది ఉండాలి కదా" అన్నారు. నిజమే. ఆ యంత్రానికి కూడా సరైన గోడలున్న ఇల్లు కావాలి.

డాక్టరు వెళ్ళమన్నప్పుడు మేం వెళ్ళగలిగాం. లారీకి డబ్బుంది, బదిలీ ఇచ్చే ఉద్యోగం ఉంది. ఆమెకు ఆ మాట చెప్పే డాక్టరూ లేడు, చెప్పినా వెళ్ళేందుకు చోటూ లేదు. అక్కడ మా గేటు దగ్గర రాత్రంతా కర్రలు కాల్చుకుని చలి కాచుకునే వాచ్‌మన్‌కీ లేదు. బయల్దేరేటప్పుడు చాలామంది "మంచిపని చేశారు" అని మెచ్చుకున్నారు. మా బాబు వరకు మంచిపనే, అందులో నాకు రెండో ఆలోచన లేదు. కానీ కోట్లమంది ఉన్న చోట గాలి బాగుచేయకుండా, వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళిపోవడం పరిష్కారమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2019 జనవరిలో దేశమంతటికీ స్వచ్ఛమైన గాలి పథకం మొదలుపెట్టారు. 2024 కల్లా గాల్లో రేణువులు 20 నుంచి 30 శాతం తగ్గించాలన్నది అప్పటి లక్ష్యం. తర్వాత దాన్ని 2025-26 కల్లా 40 శాతానికి పెంచారు. లక్ష్యాలు పెంచడం మంచిదే. ఆ పిల్ల మాత్రం ఈ రాత్రి కూడా కూచునే నిద్రపోతుంది.

ఆస్తమానో కాదో తెలియకుండా మందులు చెప్పకూడదు కాబట్టి, ముందు పిల్లని మావాణ్ణి చూసిన డాక్టరుగారి దగ్గరికే తీసుకెళ్ళమన్నాను. ఫీజు, మందుల డబ్బు ఫోన్‌లో వేశాను. వద్దు భాభీ అంటూనే ఒప్పుకుంది. డాక్టరుగారికి కూడా మెసేజ్ పెట్టాను, ఆయన రమ్మన్నారు. గురువారం ఒక ఇంట్లో సెలవు అడిగి వెళ్తానంది. ఆ సాయంత్రం నేనే ఫోన్ చేసి కనుక్కోవాలి.