టీర్నీ వాళ్ళింటి గుట్టు

ఈరోజు ఆదివారం. పెద్దగా పనేం పెట్టుకోలేదు. వారం బట్టలు కుప్పగా పడి ఉంటే, ఇస్త్రీ చేస్తూ ఏదైనా చూద్దామని ‘ప్రైడ్ అండ్ గ్లోరీ’ పెట్టాను. 2008లో వచ్చిన సినిమా. ఎడ్వర్డ్ నార్టన్, కాలిన్ ఫారెల్, జాన్ వోయిట్ ఉన్నారు. ఎప్పటినుంచో చూడాలనుకుంటూ పక్కన పెడుతూ వచ్చాను. సగం బట్టలు కూడా కాకముందే ఇస్త్రీ పెట్టె ప్లగ్ తీసేసి కూర్చుండిపోయాను.

అందుకు కారణం ఒక సీను. జిమ్మీ అనే పోలీసు ఒక మత్తుమందుల వ్యాపారి ఇంట్లోకి చొరబడతాడు. తనకు కావాల్సిన మనిషి ఎక్కడ దాక్కున్నాడో వీళ్ళు చెప్పాలి. చెప్పరు. అప్పుడు ఇంట్లో ఉన్న పసిబిడ్డను ఎత్తుకుని, కాలుతున్న ఇస్త్రీ పెట్టెను ఆ ముఖం దగ్గరికి తెస్తాడు. కెమెరా ఎక్కడికీ పారిపోదు. బిడ్డ ఏడుపు, తల్లి అరుపులు, కాలిన్ ఫారెల్ కళ్ళు. నా చేతిలోనూ అదే వేడి, అదే బరువు. ఒక్క క్షణం ఊపిరాడలేదు. జిమ్మీ రాక్షసుడిలా ఉంటే బాధ లేకపోను. తన ఇంట్లో పిల్లల్ని ముద్దు చేసే తండ్రి, అత్తింట్లో అందరికీ ఇష్టమైన అల్లుడు అతను.

కథ న్యూయార్క్‌లో, క్రిస్మస్ రోజుల్లో నడుస్తుంది. టీర్నీలది పోలీసు కుటుంబం. తండ్రి ఫ్రాన్సిస్ సీనియర్ మాన్‌హట్టన్ డిటెక్టివ్‌లకి చీఫ్. పెద్ద కొడుకు ఫ్రాన్సిస్ జూనియర్ ఒక స్టేషన్‌కి అధికారి. చిన్న కొడుకు రే డిటెక్టివ్. వాళ్ళ చెల్లెలు మేగన్ భర్తే ఈ జిమ్మీ, అన్నగారి స్టేషన్‌లోనే పనిచేస్తుంటాడు. వాషింగ్టన్ హైట్స్‌లో ఒక దాడిలో నలుగురు పోలీసులు చనిపోతారు. ఆ కేసు చూడమని తండ్రే రేని ఒప్పిస్తాడు. తవ్వుకుంటూ పోతే చంపినవాడికి ముందే కబురందించింది పోలీసులేనని తెలుస్తుంది. ఆ దారి నేరుగా బావగారి దగ్గరికి వచ్చి ఆగుతుంది.

ఇక్కడిదాకా చాలా సినిమాల్లో ఉండేదే. నన్ను పట్టుకున్నది ఆ తండ్రి. జాన్ వోయిట్ ఆ పాత్రలో ఎక్కడా చెడ్డవాడిలా కనిపించడు. కొడుకుల్ని చూసి పొంగిపోతాడు. క్రిస్మస్ భోజనం దగ్గర తాగి, కళ్ళు చెమ్మగిల్లేలా మాట్లాడతాడు. పిల్లలంటే ప్రాణం. ఆ ప్రాణంతోనే అడుగుతాడు, ఊరుకోమని. ఇల్లు, డిపార్ట్‌మెంట్ రెండూ ఆయనకి ఒకటే కుటుంబం. ఇంట్లో ఒకడు తప్పు చేస్తే బయటికి రానివ్వం కదా, స్టేషన్‌లోనూ అంతే అన్నట్టు ఉంటుంది ఆయన లెక్క. రే ఇంతకుముందు ఒకసారి పోలీసుల్ని కాపాడటానికి ప్రమాణం చేసి మరీ అబద్ధం చెప్పాడు. దాని తర్వాత సంసారం పోయింది, కారుతున్న ఒక పడవలో ఒంటరిగా బతుకుతున్నాడు. చెంప మీద పాత గాయం మచ్చ. అయినా తండ్రికి అదంతా కొడుకు పెద్దరికానికి గుర్తులాగే అనిపించినట్టుంది. ఒకసారి నోరు మూసుకున్నవాడు ఇంకోసారి మూసుకోలేడా అనే నమ్మకం.

నా దృష్టిలో ఈ సినిమాలో అందరికన్నా పెద్ద దోషి ఆయనే. జిమ్మీ చేసిన ఘోరాలు తెలిసి కూడా ఈ మాట అంటున్నాను. జిమ్మీ లాంటివాడిని ఏదో ఒకరోజు ఎవరో ఒకరు ఆపుతారు. ఆపగలిగినవాళ్ళ చేతులు ప్రేమతో కట్టేసేవాడిని ఎవరు ఆపుతారు?

మధ్యాహ్నం అన్నయ్య ఫోన్ చేశాడు. ఏం చేస్తున్నావంటే సినిమా చెప్పాను. వాడు ఎప్పుడో చూశాడట. మాట మాట పెరిగి ముప్పావుగంట అయింది.

“ఎన్ని చెప్పినా, సొంత చెల్లెలి మొగుణ్ణి పట్టిస్తావా? రేపు ఆ చెల్లెలి మొహం ఎలా చూస్తావు? ఇంటిగుట్టు లంకకు చేటు అని ఊరికే అన్నారా?” అన్నాడు.

“లంకకు చేటు తెచ్చింది గుట్టు చెప్పినవాడా, సీతను ఎత్తుకొచ్చినవాడా?” అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “సరే, మరి కుంభకర్ణుడి సంగతేంటి? తప్పని తెలుసు. అన్నకి మొహం మీదే చెప్పాడు. అయినా అన్న కోసం వెళ్ళి చచ్చాడు. నాకు వాడే గొప్ప,” అన్నాడు.

ఈ మాట దగ్గర నాకు వెంటనే జవాబు దొరకలేదు. మనకి కుంభకర్ణుడంటే జాలి, ఇష్టం కూడా. విభీషణుడి వైపు ధర్మం ఉందని అందరూ ఒప్పుకుంటారు గానీ, ఆ పేరు పిల్లలకి పెట్టుకోవడం అరుదు. ఇంటిని వదిలినవాడిని మనసు పూర్తిగా క్షమించదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అదే ఆలోచించాను. అన్నయ్య చెప్పిన కుంభకర్ణుడు ఈ సినిమాలో ఎవరు? పెద్ద కొడుకు ఫ్రాన్సిస్ అనుకున్నాను మొదట. కానీ కాదు. కుంభకర్ణుడు కనీసం రావణుడి ముందు నిలబడి నువ్వు చేసింది తప్పు అన్నాడు. ఫ్రాన్సిస్ తన కింద పనిచేసే బావ ఏం చేస్తున్నాడో చూచాయగా తెలిసీ తల తిప్పుకున్నాడు. అదొక్కటే చేశాడు. పైసా ముట్టుకోలేదు, ఎవర్నీ కొట్టలేదు. నోయా ఎమ్మెరిక్ ఆ పాత్రను ఎంత బరువుగా చేశాడో! ఇంట్లో భార్య ఆబీ క్యాన్సర్‌తో పోతోంది, జుట్టు రాలిపోయింది. బయట చనిపోయిన నలుగురూ తన స్టేషన్ మనుషులు. ఆబీగా జెన్నిఫర్ ఈలీ ఉన్న ప్రతి సీనూ నాకు మిగతా సినిమా కన్నా ఎక్కువ నచ్చింది. పోబోయే మనిషి ముందు అబద్ధం నిలవదు. తుపాకులు, వెంటాడటాలు ఏవీ చేయలేని పని ఆ గదిలో జరిగింది.

సాయంత్రం పాత సంగతులు చదువుతూ కూర్చున్నాను. దర్శకుడు గావిన్ ఓ’కానర్, నిర్మాత గ్రెగ్ ఓ’కానర్ కవలలు. వాళ్ళ నాన్న న్యూయార్క్ పోలీసు. ఇది తెలిశాక భోజనాల బల్ల దగ్గర సీన్లు అంత సహజంగా ఎందుకున్నాయో అర్థమైంది. ఆ హడావిడి, ఆ వెక్కిరింతలు, ఒకడి గొంతు లేవగానే మిగతావాళ్ళు సర్దుకుని కూర్చోవడం, ఇవన్నీ బయటివాడికి దొరికేవి కావు.

ఈ కథకి న్యూయార్క్‌లో వేళ్ళు చాలా లోతుగా ఉన్నాయి. ఫ్రాంక్ సెర్పికో అనే పోలీసు మామూళ్ళు తీసుకోనన్నందుకు తోటివాళ్ళకే శత్రువయ్యాడు. పై అధికారులకు చెప్పి చెప్పి విసిగిపోయాక సంగతి పత్రికకెక్కింది, 1970 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో. మేయర్ జాన్ లిండ్సే ఆ ఏడాదే విట్‌మన్ నాప్ నాయకత్వంలో కమిషన్ వేశాడు. 1971 ఫిబ్రవరిలో బ్రూక్లిన్‌లో మత్తుమందుల దాడికి వెళ్ళినప్పుడు సెర్పికో ముఖంలోకి తూటా దూసుకెళ్ళింది. బతికాడు. ఆ డిసెంబర్‌లో కమిషన్ ముందు బహిరంగంగా సాక్ష్యం చెప్పాడు.

నాప్ కమిషన్ నివేదికలో అవినీతి పోలీసుల్ని రెండు రకాలుగా విడదీశారు. దొరికినచోటల్లా వేటాడి లాక్కునేవాళ్ళు మాంసం తినేవాళ్ళు. దారిలో చేతికొచ్చిన చిన్న చిన్న మామూళ్ళు కాదనకుండా తీసుకునేవాళ్ళు గడ్డి మేసేవాళ్ళు. ఎక్కువమంది రెండో రకమే. నివేదిక భయపడింది కూడా వాళ్ళను చూసే. అంతమంది మేస్తుంటే ఆ పని మర్యాదైనదే అయిపోతుందని. ఇది చదివి మళ్ళీ ఫ్రాన్సిస్ దగ్గరికే వచ్చాను. అతను గడ్డి కూడా మేయలేదు. కంచె దగ్గర నిలబడి అటు తిరిగాడు, అంతే. ఆ అటు తిరగడం లేకపోతే జిమ్మీ అన్నాళ్ళు సాగేవాడా?

ఇరవై ఏళ్ళ తర్వాత అదే నగరంలో మళ్ళీ అదే కథ. 1992లో మైకేల్ డౌడ్ అనే పోలీసు మత్తుమందుల కేసులో పట్టుబడ్డాడు. అతను బ్రూక్లిన్‌లో 75వ స్టేషన్‌లో పనిచేసినవాడు. అతన్ని పట్టుకున్నది న్యూయార్క్ నగర పోలీసులు కాదు, పక్కనున్న సఫక్ కౌంటీ వాళ్ళు. సొంత డిపార్ట్‌మెంట్‌లో ఒక సార్జెంట్ ఏళ్ళ తరబడి అతని వెంటపడి తవ్వుతూనే ఉన్నాడు. పైనుంచి సాయం లేదు. ఆ తర్వాత పోలీసుల అవినీతి మీద వేసిన మాలెన్ కమిషన్ 1994లో నివేదిక ఇచ్చేనాటికి హార్లెంలో 30వ స్టేషన్ పోలీసుల అరెస్టులు మొదలై దానికి డర్టీ థర్టీ అనే పేరొచ్చేసింది. టీర్నీల కథ జరిగే వాషింగ్టన్ హైట్స్ అక్కడికి ఎంతో దూరం లేదు. కాబట్టి జిమ్మీ ముఠా ఏదో రచయిత ఊహించి రాసింది అనుకోలేను. నిజంగా మనుషులు అలాగే బతికారు. వాళ్ళకీ ఇళ్ళున్నాయి, అత్తమామలున్నారు, పండగ భోజనాలున్నాయి.

సినిమా చివర నాకు నచ్చలేదు. సాక్ష్యాలు, మనసులో ఇన్ని ముడులు పెట్టుకుని వచ్చి, రే, జిమ్మీ ఇద్దరూ బార్‌లో తుపాకులు పక్కన పెట్టి పిడిగుద్దులకు దిగుతారు. అంతసేపు నిజమనిపించిన మనుషులు అక్కడ సినిమా మనుషులైపోయారు. అంతకన్నా పెద్ద ఫిర్యాదు దాని తర్వాతది. వీధిలో జనం గుమిగూడి జిమ్మీని కొట్టి చంపేస్తారు. ఆ పాపం ఎవరి చేతికీ అంటకుండా పోతుంది. తండ్రీ కొడుకులు ముగ్గురూ కోర్టుకి నడిచి వెళ్తుంటే గర్వంగానే ఉంది చూడటానికి. కానీ చనిపోయినవాడి మీద సాక్ష్యం చెప్పడం ఎంత, బతికి బోనులో నిలబడినవాడి మీద చెప్పడం ఎంత? జిమ్మీ బతికి ఉండాల్సింది. రే బోనెక్కి మాట్లాడుతుంటే ఎదురుగా మేగన్ పిల్లల్ని పక్కన పెట్టుకుని కూర్చుని ఉండాల్సింది. అన్నయ్య అడిగిన ప్రశ్న, ఆ చెల్లెలి మొహం ఎలా చూస్తావని, దానికి అప్పుడు జవాబు చెప్పక తప్పేది కాదు. సినిమా దాన్ని తప్పించుకుంది.

మేగన్ గురించి ఇంకా కోపం తగ్గలేదు. అందరి నిర్ణయాల భారమూ పడేది ఆమె మీద. నాన్న దాచిపెడితే ఆమె కోసమే అంటాడు. రే బయటపెడితే ఆమె ఇల్లే కూలుతుంది. ఆమెను మాత్రం ఎవరూ ఏమీ అడగరు. భర్త అర్ధరాత్రి ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే ఆమెకు ఏమీ అనిపించలేదా? డబ్బు ఎక్కడిదని అడగలేదా? ఆమె వైపు నుంచి ఒక్క గంట కథ చెప్పినా ఇది ఇంకా పెద్ద సినిమా అయ్యేది.

రాత్రి అన్నయ్యకి మెసేజ్ పెట్టాను, కుంభకర్ణుడు మొహం మీద చెప్పాడు, ఫ్రాన్సిస్ చెప్పలేదు అని. “అయినా చెల్లెలి మొగుడే కదా” అని జవాబు. వచ్చే ఆదివారం వాడు మా ఇంటికి వస్తానన్నాడు. ఇద్దరం కలిసి మళ్ళీ చూస్తాం. తండ్రి రేని ఊరుకోమనే చోట ఆపి, నాన్న నిన్ను ఇలా అడిగితే ఏం చేస్తావని వాడినే అడుగుతాను.