మందు లేని సూది

నిరుడు ఏప్రిల్‌లో ఇంటర్ స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్ళాను. రోజుకు 30 పేపర్లు, వంచిన తల ఎత్తింది లేదు. తొమ్మిదో రోజు పొద్దున లేచేసరికి మెడ కుడివైపుకి తిరగలేదు. ఎవరైనా పిలిస్తే మనిషిని మొత్తం తిరగాల్సిందే.

ఉప్పు మూటతో కాపడం, బామ్, దిండు మార్చడం, అసలు దిండే తీసేయడం, అన్నీ అయ్యాయి. బిళ్ళలతో నొప్పి తగ్గకపోగా కడుపులో మంట మొదలైంది. ఎక్స్‌రే చూసిన డాక్టరు "అరుగుదల, స్పాండిలోసిస్" అని కాలర్ రాశారు. నా వయసుకి నొప్పి లేనివాళ్ళ మెడల్లోనూ అరుగుదల మామూలేనని ఒక్క మాట చెప్పి ఉంటే నాకు రెండు నెలల టెన్షన్ తప్పేది.

ఫిజియోథెరపీ అమ్మాయి ఎక్స్‌రే కవరు పక్కన పెట్టి ముందు మెడ పట్టి చూసింది. మెడకీ భుజానికీ మధ్య ఉండే దళసరి కండరాన్ని వేళ్ళతో పట్టి ఒకచోట నొక్కింది. సలపరం కణతలో పుట్టింది! రోజూ సాయంత్రం వచ్చే తలనొప్పి సరిగ్గా అదే. కళ్ళజోడు మార్చుకోవాలేమో అనుకుంటున్నాను అప్పటిదాకా.

"ఇక్కడ ముడి పడింది మేడం. ట్రిగ్గర్ పాయింట్ అంటాం. డ్రై నీడ్లింగ్ చేద్దామా?"

"ఆక్యుపంక్చరా?"

"సూది అదే, లెక్క వేరు. వాళ్ళు నాడీ మార్గాలు చూసి గుచ్చుతారు, మేము బిగుసుకున్న కండరంలో గుచ్చుతాం."

సూది పావు మిల్లీమీటరు లావుంటుందట, మందేమీ ఎక్కించరు. చెకోస్లొవేకియా వైద్యుడు కారెల్ లెవిట్ 1979లోనే, ఇలాంటి నొప్పులకిచ్చే ఇంజక్షన్లలో మందుకన్నా సూది పోటుదే ముఖ్యమైన పాత్ర అని రాశాడని తర్వాత చదివాను. రక్తం పలచబరిచే మందులు వాడుతున్నారా అని ఆ అమ్మాయి ముందే అడిగింది. అక్కడ సూది లోతుగా దిగితే ఊపిరితిత్తికి తగిలే ప్రమాదం అరుదుగా ఉంటుందనీ, అందుకే కండరాన్ని పైకెత్తి పట్టుకుంటాననీ చెప్పింది. దాచకుండా చెప్పినందుకే నమ్మకం కుదిరింది.

గుచ్చినట్టే తెలియలేదు. లోపల ముడికి తగలగానే మాత్రం కండరం దానంతటదే ఎగిరింది, తెగిన బల్లి తోకలాగా. నేను "అమ్మో!" అంటే, "అదే మేడం, అదే కావాలి" అని ఆ పిల్ల సంబరపడింది. నా నొప్పికి ఎవరైనా అంత సంతోషపడడం అదే మొదటిసారి.

ఆ రాత్రి భుజం కొట్టి పులిసినట్టుంది. మోసపోయాననే అనుకున్నాను. మూడో రోజు స్కూటీ మలుపుతూ వెనక్కి చూశాను. కాలేజీకి వెళ్ళాక గుర్తొచ్చింది, మెడ తిరిగిందని.

వారానికొకటి చొప్పున మూడు సిట్టింగులయ్యాక, తగ్గింది కదా అని, ఆ అమ్మాయి నేర్పిన గడ్డం వెనక్కి లాగే ఎక్సర్‌సైజులూ, రబ్బరు బ్యాండూ మానేశాను. పది రోజుల్లో నొప్పి మళ్ళీ దిగింది. పరుగెత్తుకెళ్తే ఆ అమ్మాయి సూది తియ్యలేదు. "ఇది కొన్నాళ్ళే పనిచేస్తుంది మేడం. ముందు రెండు వారాలు బ్యాండ్ లాగండి, అప్పుడు చూద్దాం" అంది. కోపమొచ్చింది కానీ లాగాను. నాలుగో సిట్టింగు అవసరమే పడలేదు.

ఈ ఏడు స్పాట్‌కి వాలుగా ఉండే రాతబల్ల ఒకటి పట్టుకెళ్ళాను. "ఏం మేడం, జాతకాలు రాస్తారా?" అన్నారు పక్క సీటు మాస్టారు, మెడ రుద్దుకుంటూ.