చామనఛాయ చర్మానికి లేజర్ హెయిర్ రిమూవల్: వారాలవారీ లాగ్

భాగాలు: చంకలు, ముంజేతులు. ఊరు: విజయవాడ. మొదలు: సెప్టెంబరు చివర.

ఎండ తగలని చంకలకి ఏ నెలలో మొదలుపెట్టినా ఒకటే. ముంజేతుల సంగతి వేరు, మధ్యాహ్నం బందరు రోడ్డులో బండి నడిపితే చేతులు ఎంత నల్లబడతాయో తెలిసిందే. లేజర్ కాంతి మెలనిన్‌ని, అంటే చర్మానికీ వెంట్రుకకీ రంగునిచ్చే పదార్థాన్ని, పట్టుకుంటుంది. అది వెంట్రుకలోదా, పైచర్మంలోదా అన్న తేడా దానికి లేదు. ఎండకి కమిలిన చర్మం మీద కొడితే వేడి కుదురు దాకా దిగకుండా పైనే ఆగి బొబ్బ లేస్తుంది, ఆ మచ్చ నెలల తరబడి ఉంటుంది. సెప్టెంబరు చివర మొదలుపెట్టి ఆరు వారాలకోసారి వెళితే మొదటి నాలుగు సిట్టింగులు ఫిబ్రవరి మొదలయ్యేసరికి అయిపోతాయి. వెంట్రుకలు దట్టంగా ఉండి ఎక్కువ వేడి పుట్టేది ఆ సిట్టింగుల్లోనే.

మొదటి సిట్టింగ్‌కి నాలుగు వారాల ముందు: వాక్సింగ్, థ్రెడింగ్, ప్లకర్ అన్నీ బంద్. కుదురుతో సహా పీకేస్తే వేడిని లోపలికి తీసుకెళ్లే వెంట్రుకే ఉండదు. రేజర్ ఫర్వాలేదు.

వారం ముందు: టెస్ట్ ప్యాచ్, అంటే కొద్దిచోట లేజర్ కొట్టి చర్మం ఎలా ఉంటుందో చూడడం. లేజర్ రకాల్లో మన రంగుకి 1064 నానోమీటర్ల (కాంతి తరంగదైర్ఘ్యం) ఎన్‌డీ యాగ్ అన్నిటికన్నా భద్రం. పల్స్ (ఒక్కో కాంతి దెబ్బ) పొడవు పెంచి, చల్లబరిచే టిప్ ఉంటే 810 డయోడ్ కూడా సరిపోతుంది. 755 అలెగ్జాండ్రైట్ తెల్లటి చర్మానికి నప్పేది. బ్యూటీ పార్లర్ ఐపీఎల్‌కి (లేజర్ కాదు, పలు తరంగదైర్ఘ్యాలు కలిసిన కాంతి) దూరంగా ఉండడమే మేలు. మొటిమలకి ఐసోట్రెటినోయిన్ వాడుతుంటే డాక్టరుకి ముందే చెప్పాలి.

మొదటి సిట్టింగ్: ముందురోజు నున్నగా షేవ్. పసుపు, డియోడరెంట్, క్రీము ఏదీ ఉండకూడదు. లేజర్ కాంతిని ఆపే కళ్లద్దాలు తప్పనిసరి. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమంటుంది, చంకల్లో ఇంకాస్త ఎక్కువ. ఫ్లూయెన్స్ (ఎంత ఎనర్జీ), పల్స్ విడ్త్ (ఎంతసేపు), స్పాట్ సైజ్ (ఎంత వెడల్పు) మూడూ కార్డు మీద రాయించుకోవాలి. ఈ పని చాలామంది వదిలేస్తారు, తర్వాతి సిట్టింగ్‌లో పోల్చుకోవడానికి ఆధారం అదే. వెంట్రుకల చుట్టూ చిన్న ఎర్ర బుడిపెలు లేస్తే కాంతి సరిగ్గా తగిలినట్టు. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. చర్మం బూడిదరంగుకి తిరిగినా, బొబ్బ లేచినా అదే రోజు డాక్టరుకి చూపించాలి.

1–3 వారాలు: వెంట్రుకలు మళ్లీ మొలుస్తున్నట్టే కనిపిస్తాయి. నిజానికి కాలినవి బయటికి వచ్చి రాలిపోతుంటాయి. పీకకూడదు. ముంజేతులకి ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, బండి మీద పొడుగు చేతుల చొక్కా.

రెండు, మూడు సిట్టింగులు: అక్కడక్కడా ఖాళీలు. ఎదుగుదల దశలో ఉన్న వెంట్రుకే దెబ్బతింటుంది, అన్నీ ఒకేసారి ఆ దశలో ఉండవు. అందుకే ఇన్ని సిట్టింగులు, ఇంత ఎడం.

నాలుగు, ఐదు: మిగిలినవి సన్నబడతాయి. వాటిలో మెలనిన్ తక్కువ కాబట్టి ఎనర్జీ పెంచాల్సి వస్తుంది. పాత కార్డు చూసి, కొద్దికొద్దిగా పెంచమనాలి. మార్చిలో ముంజేతులు కమిలి ఉంటే రంగు తగ్గేదాకా ఆ సిట్టింగ్ వాయిదా వేయాలి, ఆలస్యమైనంత మాత్రాన పాత ఫలితం పోదు.

ఆరు: చంకలు దాదాపు శుభ్రం. ముంజేతులకి ఇంకో రెండు పట్టవచ్చు. నెరిసిన వెంట్రుకలు అలాగే ఉంటాయి. గడ్డం మీద చేయించుకునే ఆడవాళ్లు ముందు పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయ సమస్య) పరీక్ష చేయించుకోవాలి, హార్మోన్లు అదుపులో లేకపోతే కొత్తవి వస్తూనే ఉంటాయి. చెంపలు, మెడ మీది నూగుని కదిలించకపోవడమే మంచిది, తక్కువ వేడికి అది ఒక్కోసారి ఇంకా ఒత్తుగా పెరుగుతుంది.