మడ పక్కన భోజనం బల్లలు: సీఆర్‌జెడ్ అనుమతితో నా అనుభవం

కాకినాడ కార్పొరేషన్ హద్దులో, సముద్రపు పోటు ఎక్కే ఒక ఏటి పక్కన మా హోటల్ ఉంది. కోరంగి అభయారణ్యం ఇక్కడికి దగ్గరే. హోటల్ వెనక పెరడు, పెరడు దాటితే ప్రభుత్వ గట్టు, గట్టు మీద మడచెట్లు (ఉప్పునీటి బురదలో పెరిగేవి), ఆపైన నీళ్లు. సాయంత్రం వచ్చేవాళ్లు చాలామంది బయటే కూర్చుంటామంటారు. అందుకని పెరట్లో బల్లలు వేసి, నీళ్ల మీదికి ఒక చెక్క డెక్ కట్టాలని ప్లాన్ గీయించాం. ఇలాంటి ఆలోచనలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని మా అనుభవం రాస్తున్నాను.

ట్రేడ్ లైసెన్సు, ఫుడ్ లైసెన్సు ఉంటే చాలని చుట్టుపక్కల అందరూ చెప్పారు. నీటి పక్కన అవి చాలవు, సీఆర్‌జెడ్ అనుమతి కూడా కావాలి. సీఆర్‌జెడ్ అంటే తీరం వెంట కట్టడాల మీద ఆంక్షలున్న తీర నియంత్రణ జోన్. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1991లో మొదటి సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ వచ్చింది. 2011లో కొత్తది, 2019లో ఇంకోటి వచ్చాయి. సముద్రం ఒడ్డున పోటు గీత నుంచి నేల వైపు 500 మీటర్ల దాకా దాని పరిధి. ఏర్ల వెంట అయితే 2011 లెక్కలో 100 మీటర్లు లేదా ఏటి వెడల్పు, ఏది తక్కువైతే అది. 2019లో ఆ 100ను 50 చేశారు. కానీ రాష్ట్రం తన తీర ప్రణాళికను కొత్త నోటిఫికేషన్ ప్రకారం సవరించి ఆమోదం తెచ్చుకునేదాకా పాత లెక్కే చెల్లుతుంది. కాబట్టి ఎవరైనా ముందు అడగాల్సింది, తమ స్థలానికి ఏ మ్యాపు అమల్లో ఉందన్నది. ఆర్కిటెక్ట్‌ని పిలిచేది ఆ తర్వాతే. మేం రెండు లెక్కల్లో ఏది కఠినమో దాన్నే పట్టుకున్నాం. రేపు మ్యాపు మారినా ప్లాన్ మారకూడదని.

పోటు గీత అంటే మనం రోజూ చూసే నీటి అంచు కాదు. అమావాస్య, పౌర్ణమి పెద్దపోటుకు నీళ్లు నేల మీద ఎంతవరకు ఎక్కుతాయో అక్కడ పడుతుంది ఆ గీత. దాన్ని మనమో మన సర్వేయరో గీస్తే చెల్లదు. కేంద్రం గుర్తించిన సంస్థలు కొన్నే ఉన్నాయి, చెన్నైలోని జాతీయ సుస్థిర తీర నిర్వహణ కేంద్రం లాంటివి. వాళ్లు 1:4000 స్కేలులో మ్యాపు చేసి, దాని మీద మన ప్లాన్‌ని పెట్టి చూపించాలి. మొత్తం వ్యవహారంలో ఎక్కువ టెన్షన్ పడింది ఈ మ్యాపు కోసమే. అది చేతికి రానిదే పర్యావరణ అనుమతుల కోసం కేంద్రం పెట్టిన పరివేష్ పోర్టల్‌లో దరఖాస్తు ముందుకు కదలదు.

మ్యాపు వచ్చాక అసలు చర్చ మడ దగ్గర మొదలైంది. మడ విస్తీర్ణం 1000 చదరపు మీటర్లు దాటితే, దాని అంచు నుంచి 50 మీటర్లు బఫర్‌గా, అంటే రక్షణగా ఖాళీ వదలాలి. ఆ బఫర్ కూడా అత్యంత సున్నితమైన సీఆర్‌జెడ్-1ఎ కిందికే వస్తుంది. మాకు కాగితాలు తయారు చేస్తున్న కన్సల్టెంట్ ఒక దారి చూపించాడు. మా స్థలం ఎదురుగా ఉన్న చెట్లను మాత్రం కొలిస్తే 1000 దాటదు, బఫర్ అవసరం ఉండదు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మడ మా ప్రహరీ దగ్గర ఆగిపోదు, గట్టు పొడవునా ఒకే తోపుగా ఉంది. పోటు నీరు అన్ని చెట్ల మధ్యా తిరుగుతుంది. అదీకాక మా దగ్గర జనం అడిగి మరీ తినేది మండపీత, ఆ పీత పెరిగేదే మడ బురదలో. దాన్ని ముక్కలుగా కొలిచి బల్లలు వేయడానికి నాకు మనసు రాలేదు. తోపు మొత్తాన్ని కొలిపించాం. బఫర్ పడింది. పెరడు దాదాపుగా అందులోకే పోయింది.

డెక్ సంగతి అంతకుముందే తేలిపోయింది. ఆటుపోట్ల మధ్య నేల, నీటి భాగం వేర్వేరు తరగతులు. అక్కడ హోటల్ బల్లల కోసం గుంజలు పాతే వీలు లేదు.

మిగిలింది రోడ్డు వైపు. పట్టణంలో అభివృద్ధి అయిన ప్రాంతం సీఆర్‌జెడ్-2. అక్కడ ఇప్పటికే ఉన్న రోడ్డుకు గానీ, అనుమతి ఉన్న కట్టడానికి గానీ నేల వైపున మాత్రమే కొత్తది రావచ్చు. అంటే నీటికీ కొత్త కట్టడానికీ మధ్య రోడ్డో పాత భవనమో ఉండాలి. మా ముందు ఆవరణ దీనికి సరిపోయింది. కాంక్రీటు పోయకుండా ఇంటర్‌లాక్ పేవర్లు, పైన తీసేయగలిగే పందిరి అని ప్లాన్ మార్చాం. ఏరు సూటిగా కనిపించదు, గాలి మాత్రం వస్తుంది. వ్యాపారానికి ఇది తక్కువేమీ కాదని నా అభిప్రాయం.

తీర మండల నిర్వహణ సంస్థ పరిశీలనలో ఎక్కువ ప్రశ్నలు బల్లల మీద కాదు, వాడిన నీటి మీద వచ్చాయి. అది న్యాయం. మడచెట్టు బురదలోంచి పైకి పొడుచుకొచ్చే వేళ్లతో గాలి పీలుస్తుంది. ఆ వేళ్ల మీద నూనె పొర పట్టిందంటే చెట్టుకు ఊపిరాడదు. వంటగది నీటిలోని నూనె, జిడ్డు ఆపే గ్రీజ్ ట్రాప్ పెట్టాం. ఇక్కడ రెండు మూడు అడుగులకే నీరు పడుతుంది కాబట్టి ఇంకుడు గుంత తవ్వితే మురుగు నేరుగా ఏట్లోకే చేరుతుంది. అందుకని గట్టి ట్యాంకు కట్టి, ట్యాంకర్‌తో తోడిస్తున్నాం. కాలుష్య నియంత్రణ మండలి కాగితం కూడా దీని మీదే ఆధారపడింది. దీపాలకు పైకప్పులు పెట్టి వెలుగు కిందికే పడేట్టు చేశాం. బావురుపిల్లి లాంటివి రాత్రిపూట మడ అంచుల్లో వేటాడతాయి, వాటికి చీకటి కావాలి. మైకులు, డీజే మేమే వద్దనుకున్నాం.

దరఖాస్తులో ఎవరూ అడగకపోయినా గట్టు మీద వలలు ఆరేసుకునేవాళ్లతో కూర్చుని మాట్లాడాను. వాళ్లలో పెద్దాయన ఒక్కటే అడిగాడు: “బల్లలు ఏసుకో బాబూ, మాకేం అడ్డం లేదు. పడవ దగ్గరికెళ్లే దారి మాత్రం మూసేయకు.” “మూయను తాతా, రాసిస్తాను” అన్నాను. పక్కన ఉన్న దారిని ప్లాన్‌లో గుర్తించి, గేటు పెట్టబోమని రాతపూర్వకంగా ఇచ్చాం. 1996 నవంబర్ తుఫానును చూసిన మనిషి ఆయన. గట్టు మీద మడ ఎందుకుండాలో నాకు ఆయన మాటల్లో అర్థమైనంతగా ఏ రిపోర్టులోనూ అర్థం కాలేదు.

అనుమతి వచ్చింది, షరతులతో. గట్టు మీద మట్టి పోయకూడదు, చెట్టు కొట్టకూడదు, మురుగు చుక్క ఏట్లోకి పోకూడదు. ఏటా జూన్ 1కి, డిసెంబర్ 31కి షరతుల అమలు మీద నివేదిక ఇవ్వాలి. అందుకోసం ట్యాంకర్ రసీదులు, గ్రీజ్ ట్రాప్ శుభ్రం చేసిన తేదీలు ఒక రిజిస్టర్‌లో రాసుకుంటున్నాం. మీరూ ఈ పనిలో దిగితే ఆ రిజిస్టర్ అనుమతి వచ్చిన రోజే తెరవండి. బల్లల ఆర్డరు మాత్రం కాగితం చేతికొచ్చాకే ఇవ్వండి.