బ్రాంచ్ తేలకముందే రీసెర్చ్: నా అనుభవం

మెడికల్ కాలేజీలో "ముందు బ్రాంచ్ (సర్జరీ, అనస్థీషియా లాంటి విభాగం) తేల్చుకో, ఆ డిపార్ట్‌మెంట్‌లోనే రీసెర్చ్ చెయ్యి" అని సీనియర్లందరిదీ ఒకే పాట. తేలనివాళ్లు ఏం చెయ్యాలో ఒక్కరూ చెప్పరు. అందుకే ఆపరేషన్లు జరిగే ప్రతి విభాగానికీ పనికొచ్చే అంశం పట్టుకున్నాను. ఇన్‌ఫెక్షన్ రాకుండా ఆపరేషన్‌కు ముందు ఇచ్చే యాంటీబయాటిక్ సమయానికి పడుతోందా లేదా? మామూలుగా కోత పెట్టే ముందు 60 నిమిషాల లోపు ఇవ్వాలి, వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ అయితే 120 నిమిషాల లోపు మొదలుపెట్టాలి. గైడ్ వెంటనే ఒప్పుకున్నారు. ప్రోటోకాల్ (పరిశోధన ఎలా చేస్తానో రాసే ప్రణాళిక) కూడా సాఫీగానే అయింది.

పేషెంట్ల మీద చేసే పరిశోధనకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీ దగ్గర మొదలైంది టెన్షన్. "చిన్న ప్రాజెక్టే కదా, నువ్వే చెప్పేసెయ్" అని గైడ్ రాలేదు. నేను రెండో స్లైడ్‌కు వెళ్లకముందే ఒక పెద్దాయన ఆపారు.

"నీకు ఏ బ్రాంచ్ కావాలి?"

"ఇంకా అనుకోలేదు సర్."

"ఏం కావాలో తెలియనివాళ్లకు రీసెర్చ్ ఎందుకమ్మా?"

అందరూ నవ్వారు. నా చెవులు వేడెక్కిపోయాయి. ఆపరేషన్ తర్వాత 30 రోజులు, లోపల ఇంప్లాంట్ పెడితే 90 రోజుల వరకు ఇన్‌ఫెక్షన్ ఎలా గమనిస్తానో చెప్పాలని ఎంతో ప్రాక్టీసు చేసి వెళ్లాను. ఆ మాట అడిగినవాళ్లే లేరు. డాక్టర్ కాని సభ్యురాలు ఒకావిడ మాత్రం సమ్మతి పత్రం మొత్తం చదివారు. "సర్జికల్ సైట్ ఇన్‌ఫెక్షన్ అంటే కుట్ల దగ్గర చీము పట్టడం లాంటిదేగా? అలాగే రాయండి, పేషెంటుకు అర్థమవుతుంది" అన్నారు. ఆ గదిలో పనికొచ్చిన మాట అదొక్కటే. చివరికి ఫైలు వెనక్కి పంపిన కారణమేమిటంటే, పత్రం అడుగున వెర్షన్ నంబరు, తేదీ లేవట! వాళ్లిచ్చిన నమూనాలోనే లేవు మరి.

అనుమతి వచ్చాక కేస్‌షీట్లు తిరగేయడం నాకు నచ్చింది. యాంటీబయాటిక్ ఏ నిమిషంలో పడిందో సర్జన్ నోట్సులో సాధారణంగా కనిపించలేదు, అనస్థీషియా చార్టులోనే దొరికేది. నిమిష నిమిషానికీ బీపీ, మందులు, ఆక్సిజన్ రాసుకుంటూ పోయే ఆ చార్టులు చదివీ చదివీ మనసు అనస్థీషియా వైపే మళ్లింది. సర్జరీ మీద మోజు మాత్రం తగ్గింది.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు పెద్ద పేరు చూడకండి, ఆయన దగ్గర ఇదివరకు చేసిన విద్యార్థులను కలవండి. వాళ్ల పేపర్లు బయటికొచ్చాయా, పేరు ఎన్నోదిగా పడిందో అడగండి. చాలా జర్నళ్లు పాటించే ఐసీఎంజేఈ (వైద్య జర్నళ్ల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ) నియమాల ప్రకారం డేటా ఎక్కించినంత మాత్రాన రచయిత కారు. రాయడంలోనూ, తుది ప్రతిని ఒప్పుకోవడంలోనూ మీ చెయ్యి ఉండాలి. ఆ సంగతి మొదటి రోజే ఈమెయిల్‌లో రాయించుకోండి. నేను రాయించుకున్నాను కాబట్టే డ్రాఫ్టులో నా పేరు మొదట ఉంది.