కొలువు పేరంటానికి స్లైమ్ డబ్బాలు: ప్రొద్దుటూరు దసరా సెలవుల్లో నా అనుభవం

బొమ్మల కొలువు చూడ్డానికి వచ్చే పిల్లలకు గుగ్గిళ్ల పొట్లంతో పాటు తలా ఒక స్లైమ్ (పిసుకుతూ సాగదీస్తూ ఆడుకునే జిగట ముద్ద) డబ్బా ఇవ్వాలనుకుంటే ముందు జిగురు లెక్క వేసుకోవాలి. 100 గ్రాముల తెల్ల జిగురు, 50 మిల్లీలీటర్ల నీళ్లు, పైన పోసే వెలిగారం నీళ్లు అన్నీ కలిస్తే సుమారు 180 గ్రాముల ముద్ద వస్తుంది. అది 45 గ్రాముల చొప్పున నాలుగు డబ్బాలకు సరిపోతుంది. మేం చేసినవి 24 డబ్బాలు, అంటే ఆరు వాయిలు, 600 గ్రాముల జిగురు. నేను కిలో డబ్బా తెచ్చాను. మిగిలింది దండగేం కాదు, చెడిపోయిన వాయిని బాగు చేయాలంటే కొత్త జిగురే కావాలి.

స్కూలు పనులకు వాడే ఫెవికాల్ ఎంఆర్ రకం తెల్ల జిగురు చాలు. వడ్రంగులు వాడే చిక్కటి జిగురుతోనూ అవుతుంది గానీ నీళ్లు ఎక్కువ పడతాయి, ముద్ద మొరటుగా వస్తుంది. కవర్లు అంటించే తేనె రంగు బంకతో మాత్రం ప్రయత్నించకండి. నేను ఒక సీసా వాడి చూశాను, ఎంత కలిపినా అది పాకంలాగే ఉండిపోయింది.

అసలు సరుకు వెలిగారం. ఇంగ్లీషు వీడియోల్లో బోరాక్స్ అనేది ఇదే. ప్రొద్దుటూరు బంగారం పనికి పేరున్న ఊరు, నగకు అతుకు పెట్టేటప్పుడు వెలిగారం లేకుండా జరగదు. అందుకే కంసాలి సామాన్లు అమ్మే అంగడిలో గానీ మూలికల అంగడిలో గానీ సులువుగా దొరుకుతుంది. 50 గ్రాములు తెస్తే ఏడాది పొడుగునా చేసినా అయిపోదు. ఒక్కటే చిక్కు. "అన్నా, వెలిగారం ఇయ్యి" అని అడిగితే "పటికేనా మ్మా?" అంటూ పటిక గడ్డ పొట్లం కట్టేవాళ్లున్నారు. రెండూ తెల్లగడ్డలే, పొడి చేశాక కంటితో తేడా పట్టలేం. పటికతో స్లైమ్ కానే కాదు.

నోట్లో వేసుకుని చూడొద్దు. చిటికెడు పసుపు నీళ్లలో కలిపి రెండు మూతల్లో పోయండి. ఒకదానిలో ఇంట్లో ఉన్న పటిక నీళ్లు నాలుగు చుక్కలు, రెండోదానిలో అంగడి నుంచి తెచ్చినదాని నీళ్లు నాలుగు చుక్కలు వేయండి. వెలిగారమైతే సున్నం తగిలినట్టు పసుపు ఎర్రబడి పారాణి రంగుకు తిరుగుతుంది, పటికైతే పసుపు పసుపుగానే ఉంటుంది. వెలిగారానికి క్షారగుణం, పటికకు ఆమ్లగుణం ఉండటమే కారణం. బట్టల సోడా కూడా పసుపును ఎర్రగా మారుస్తుంది కాబట్టి చివరి మాట జిగురుదే. చెంచాడు జిగురులో పది చుక్కలు వేసి తిప్పితే దారాలు సాగాలి.

వెలిగారం నీళ్లు పెద్దవాళ్లే కలపాలి. గడ్డను మెత్తగా దంచి, మట్టంగా ఒక టీ చెంచా, అంటే 5 గ్రాముల లోపు, 250 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో పూర్తిగా కరిగేదాకా తిప్పాలి. ఆరు వాయిలకూ ఈ ఒక్క గ్లాసే సరిపోయింది. మన బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి తాగే క్యాను నీళ్లు పోశాను. అవి తేటగా ఉంటే అడుగున కరగని పలుకు కంటపడుతుంది. బాగా పనిచేయాలని మూడు నాలుగు చెంచాలు వేస్తే చల్లారాక మిగులు మళ్లీ పలుకులై తేలుతుంది, ముద్దలో చేరి చేతికి గరగరమంటుంది. కలిపిన గిన్నె, చెంచా, దంచిన బండ మళ్లీ వంటింట్లోకి రాకూడదు. వెలిగారం కడుపులోకి పోతే ప్రమాదం. ఐరోపా దేశాల్లో ఇలాంటి జిగట బొమ్మల నుంచి బయటికొచ్చే బోరాన్‌కు (వెలిగారంలో ఉండే మూలకం ఇదే) కిలోకు 300 మిల్లీగ్రాములని హద్దు పెట్టారు. మరీ బెదిరిపోనక్కర్లేదు గానీ పొడి పిల్లల చేతికి ఇవ్వొద్దు, వేళ్ల మీద పుండ్లు ఉన్నవాళ్లను పిసకనివ్వొద్దు, ఆట అయ్యాక సబ్బుతో చేతులు కడిగించాలి.

ఇక వాయి. గిన్నెలో 100 గ్రాముల జిగురు, 50 మిల్లీలీటర్ల నీళ్లు పోసి ఉండలు లేకుండా కలపాలి. రంగు ఇప్పుడే వేయాలి, ద్రవంగా దొరికే మిఠాయి రంగైతే మూడు చుక్కలు చాలు. తర్వాత వెలిగారం నీళ్లు ఒక టీ చెంచా పోసి అరనిమిషం తిప్పాలి, అప్పుడే రెండో చెంచా. మూడో చెంచాకు చెంచా వెనకాల దారాలు సాగుతాయి. నాలుగు, ఐదుకు గిన్నెలో ఉన్నదంతా పెరుగు విరిగినట్టు అసహ్యంగా కనిపిస్తుంది. సరిగ్గా ఇక్కడే అందరూ కంగారుపడి గ్లాసు వంచేస్తారు. వంచొద్దు. ఆరో ఏడో చెంచాకు ముద్ద గిన్నె అంచును వదిలి చెంచా చుట్టూ చేరుతుంది. ఇంకా కాస్త అంటుకుంటున్నప్పుడే ఆపి చేతుల్లోకి తీసుకోవాలి. చపాతీ పిండిలా మూడు నాలుగు నిమిషాలు పిసికితే ఆ జిగట దానంతటదే పోతుంది. అడుగున మిగిలిన నీళ్లు పారబోయండి, ముద్దలో ఇంకించాలని చూడకండి.

ఒక్కసారిగా పోస్తే ఏమవుతుందో పిల్లలకు చూపించడానికి ఒక చిన్న వాయి కావాలనే చెడగొట్టాం. పైన తోలు కట్టింది, నొక్కితే లోపలి నుంచి పచ్చి జిగురు చిమ్మింది. జిగురులో పొడవాటి గొలుసుల్లాంటి అణువులుంటాయి. వెలిగారం నీళ్లలోని బోరేట్ ఆ గొలుసుల మధ్య ముళ్లు వేస్తుంది. అన్నీ ఒకేసారి పడితే పై పొరలోనే గట్టిగా ముడిపడి లోపలికి దారి మూసుకుపోతుంది. ఇవి ఊడుతూ మళ్లీ పడుతూ ఉండే ముళ్లు. నెమ్మదిగా లాగితే ముద్ద జానలకొద్దీ సాగడానికి, గబుక్కున లాగితే పుటుక్కున తెగడానికి కారణం అదే. మధ్యాహ్నపు ఎండ వేడికి పలచబడి పళ్లెంలో పరుచుకుంటే చెడిపోయిందనుకోకండి, చల్లబడితే మళ్లీ ముద్దవుతుంది.

ముద్ద రబ్బరులా బిగుసుకుని తెగిపోతుంటే వెలిగారం ఎక్కువైనట్టు. చేయి పట్టేంత వేడి నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, రెండు చెంచాల కొత్త జిగురు కొద్దికొద్దిగా కలుపుతూ పిసికితే చాలావరకు దారికొస్తుంది. చేతికి అంటుకుంటుంటే నేరుగా ముద్దలో పోయకుండా, అరచేతికి నాలుగు చుక్కల వెలిగారం నీళ్లు రాసుకుని పిసకాలి.

పండగ కళ రంగులతోనూ చమ్కీలతోనూ వస్తుంది, మా తప్పులన్నీ కూడా అక్కడే జరిగాయి. అమ్మవారి పసుపు రంగు కావాలని ఒక వాయిలో వంటింటి పసుపు వేశాం. జిగురులో కలిపినప్పుడు బంగారంలా ఉంది. రెండో చెంచా వెలిగారానికి చారలు చారలుగా ఎర్రబడి, పిసికేసరికి ఇటుక రంగు ముద్ద చేతికొచ్చింది. పైన చేసిన పరీక్షే మళ్లీ గిన్నెలో జరిగిందన్నమాట, గుర్తు రాకపోవడం మా తెలివి. ముగ్గు రంగులూ వద్దు. వాటిలోని రాతిపొడి వల్ల ముద్ద ఇసక కలిసినట్టుంటుంది, రంగు రెండు రోజులు చేతులను వదలదు.

చమ్కీలు, సన్న పూసలు ముద్ద తయారయ్యాక వాయికి ఒక టీ చెంచా కలపాలి. ముందే వేస్తే అడుక్కి దిగిపోతాయి. కుందన్ రాళ్ల అంచులు గుచ్చుకుంటాయి, వద్దు. ఇంకో సంగతి, తెల్ల జిగురులో ఏ రంగైనా పాలు కలిపినట్టు లేతగా వస్తుంది, లోపలి చమ్కీలు కనిపించవు. తళతళలాడాలంటే ఏమీ రంగులేని పారదర్శకమైన క్రాఫ్ట్ జిగురు కొనాలి, ధర ఎక్కువే. దాంతో చేసినది పిసికేటప్పుడు గాలి బుడగలు చేరి మసకబారుతుంది. మూత పెట్టి రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే బుడగలు పైకొచ్చి తేటపడుతుంది. కాబట్టి పేరంటానికి మూడు రోజుల ముందే చేసేయాలి.

మెత్తటి నురగ స్లైమ్ కావాలంటే 100 గ్రాముల జిగురుకు నీళ్లు మానేసి ఒకటిన్నర కప్పు షేవింగ్ ఫోమ్ కలపాలి, జెల్ కాదు. మొదటి రోజు దూదిలా ఉంటుంది, రెండో రోజుకు సగానికి కుంగిపోతుంది. ఆ డబ్బాలో ఒత్తిడి కోసం నింపేది మండే వాయువు, కొలువు ముందు దీపాలు వెలుగుతుంటాయి కాబట్టి ఆ గదిలో ఫోమ్ నొక్కొద్దు.

డబ్బాల విషయంలో ఒక జాగ్రత్త. నారింజ రంగు స్లైమ్ కుంకుమ భరిణెలాంటి డబ్బాలో పెట్టి గుగ్గిళ్ల పక్కన ఉంచితే అచ్చం కేసరిలా ఉంటుంది. పసివాడు తినేస్తాడు. ప్రసాదం పళ్లెంలో కాకుండా వేరే బుట్టలో పెట్టి, "తినేది కాదు" అని తెలుగులో చీటీ అంటించాం. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు వెలిగారం స్లైమ్ అసలు ఇవ్వలేదు. వాళ్ల కోసం ఇసబ్గోల్ పొట్టు ఒక టేబుల్ చెంచా, ఒక కప్పు నీళ్లు సన్నమంట మీద ఐదు నిమిషాలు తిప్పుతూ ఉడికించి చల్లార్చాం. సాగదు గానీ జారుడు ముద్దగా బాగుంటుంది. పెద్దవాళ్లు పక్కన కూర్చుని ఆడించాలి, ఫ్రిజ్‌లో పెట్టినా రెండు రోజులకు మించి ఉంచకూడదు.

పట్టు పావడాకు అంటుకుంటే రుద్దొద్దు, తడపొద్దు. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఐసు ముక్క పైన పెట్టి, గట్టిపడ్డాక గోటితో లేపి, మిగిలిన మరక డ్రై క్లీనింగ్‌కు ఇవ్వాలి. నూలు బట్టలకు, జంపఖానాకు వెనిగర్ గానీ నిమ్మరసం గానీ గోరువెచ్చని నీళ్లలో కలిపి పోస్తే పులుపుకు ఆ ముళ్లు విడిపోయి మళ్లీ జిగురునీళ్లవుతుంది, అప్పుడు సబ్బుతో పోతుంది. రంగు దిగుతుందేమో ముందు ఒక మూల చూసుకోండి. మూత బిగించి ఉంచితే పది రోజులు ఆడుకోవచ్చు. వాసన వచ్చినా నల్ల చుక్కలు కనిపించినా కవర్లో కట్టి చెత్తబుట్టలో వేయండి. సింకులో పోస్తే గొట్టంలో గట్టిపడుతుంది, ఆ తర్వాత ప్లంబర్‌ను పిలవాల్సిందే.